కాఫీ గింజ గట్టిపడటంలో, మొలకెత్తడంలో ఎంజైముల పాత్ర: జిబ్బరెల్లిన్‌తో మొలక త్వరపడుతుందా?

మన్యంనారు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది పాడేరు దగ్గర చిన్న ఊరు. సిల్వర్ ఓక్ నీడలో మిరియాల తీగలతో పాటు అరబికా కాఫీ వేసుకున్నాము. తోటలో ఖాళీలు పూరించడానికి కావలసిన నారును ఏటేటా ఇంటి దగ్గరే పెంచుకుని, మిగిలినది చుట్టుపక్కల రైతులకు ఇస్తుంటాము. డిసెంబరు, జనవరి నెలల్లో మడిలో పెట్టిన గింజ మట్టిపైకి తల ఎత్తడానికి దాదాపు నెలన్నర పడుతుంది. చలి ముదిరిన ఏడాది ఇంకా ఆలస్యమవుతుంది. వరి విత్తనాన్ని నానబెట్టి మండె కడితే రెండు మూడు రోజులకే ముక్కు పగులుతుంది కదా, మరి ఈ గింజ అంత కాలం మట్టిలో ఏం చేస్తుందన్నది నాకు చాలాకాలంగా ఉన్న సందేహం.

ఈసారి ఆ సందేహం ఒక నిర్ణయంతో ముడిపడింది. మా అన్నగారి అబ్బాయి వ్యవసాయ డిగ్రీ చదువుతున్నాడు. బార్లీ గింజకు జిబ్బరెల్లిన్ అనే మొక్కల హార్మోను తగిలితే అందులో ఆల్ఫా అమైలేజ్ అనే ఎంజైము తయారై పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తుందని, మాల్ట్ తయారీలో దీన్ని వాడుతారని, ద్రాక్షతోటల కోసం జిబ్బరెల్లిక్ ఆమ్లం పేరుతో అమ్మే ఆ హార్మోనులో కాఫీ గింజలను ఒక రాత్రి నానబెడితే మొలకకు పట్టే కాలం సగానికి తగ్గవచ్చని వాడి వాదన. వినడానికి సబబుగానే ఉంది. అయినా మడి మొత్తానికి మందు పెట్టే ముందు, కాఫీ గింజలో ఏ ఎంజైము ఎప్పుడు పనిచేస్తుందో తెలిసినవారిని అడగడం మంచిదనిపించింది.

దీనికి ఆనుకుని మరో రెండు ప్రశ్నలు ఉన్నాయి. వానాకాలం మొదట్లో పచ్చికాయను కోసి చూస్తే లోపల నీరుగా, జిగురుగా ఉంటుంది. పండు కోతకు వచ్చేసరికి అదే గింజ గోటికి లొంగనంత గట్టిపడుతుంది. దాన్ని గట్టిపరచిన ఎంజైములే మొలక సమయంలో మెత్తపరుస్తాయా, లేక అవి వేరు, ఇవి వేరా? రెండవది, మా దగ్గర పార్చిమెంటు కాఫీ (పార్చిమెంటు అనే గట్టి పైపొట్టుతో ఉన్న గింజ) కొనే ఒకాయన, పల్పింగ్ (పండు గుజ్జు తీయడం) అయ్యాక జిగురు విడవడానికి ఉంచే తొట్టిలో ఉన్నప్పుడే గింజ మొలకెత్తే ప్రయత్నం మొదలుపెడుతుందని, కప్పులో రుచికి అది కూడా ఒక కారణమని అన్నారు. ఇందులో నిజమెంత, అమ్మకపు మాట ఎంత?

బీజదళం

మన్యంనారు గారికి నమస్కారం. ముందుగా నిర్ణయం సంగతి చెబుతాను: గింజలను జిబ్బరెల్లిక్ ఆమ్లంలో నానబెట్టవద్దు. కాఫీ విషయంలో అది మొలకను త్వరపరచకపోగా లోపలి పిండాన్ని చంపే అవకాశం ఉంది. మీ అబ్బాయి బార్లీ గురించి చెప్పినదంతా నిజమే, కాని ఆ నిజం కాఫీకి వర్తించదు.

బార్లీలోనూ వరిలోనూ గింజ దాచుకునే ఆహారం ప్రధానంగా పిండిపదార్థం. ముదిరిన కాఫీ గింజలో పిండిపదార్థం లేదనే చెప్పవచ్చు. మనం వేయించి పొడి చేసుకునేది దాదాపు పూర్తిగా అంకురచ్ఛదమే, అంటే పిండం కోసం ఆహారాన్ని నిల్వ ఉంచే కణజాలమే. పిండం అందులో ఒక కొనన ఒదిగి ఉండే మూడు నాలుగు మిల్లీమీటర్ల పుల్ల మాత్రమే. ఆ అంకురచ్ఛదపు కణాల గోడలు మానన్ అనే పాలీశాకరైడ్‌తో (చక్కెర అణువుల గొలుసుతో) మందంగా కట్టబడి ఉంటాయి, నిల్వలో పెద్ద భాగం అదే. దానితో పాటు అరబికాలో సుమారు 15 శాతం నూనె, 6 నుంచి 9 శాతం వరకు సుక్రోజ్, 11ఎస్ గ్లోబ్యులిన్ ప్రధానంగా ఉండే ప్రోటీన్లు ఉంటాయి. అమైలేజ్‌ను ఎంత పుట్టించినా కోయడానికి దానికిక్కడ సరుకే లేదు. కాఫీ గింజ కథ అంతా మానన్‌ను కట్టే, చెక్కే, కోసే ఎంజైముల కథ.

గట్టిపడటం గురించి మీరు అడిగిన ప్రశ్న నాకు ఇష్టమైనది కనుక కొంచెం విస్తరించి చెబుతాను. పూత రాలిన తర్వాత మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు పిందె గుండుసూది తలంతే ఉండిపోతుంది. తర్వాత వేగంగా ఉబ్బుతుంది. ఆ ఉబ్బే దశలో కాయను కోస్తే లోపల కనిపించే తెల్లటి కణజాలంలో ఎక్కువ భాగం అసలు గింజ కాదు. అది తల్లి మొక్క కణజాలం నుంచి ఏర్పడిన పరిచ్ఛదం. అసలైన అంకురచ్ఛదం దాని నడుమ ద్రవంగా మొదలై, పాలలా చిక్కబడి, పరిచ్ఛదం ఉన్న చోటును ఆక్రమిస్తూ పెరుగుతుంది. చివరకు పరిచ్ఛదంలో మిగిలేది, గింజను వేయించేటప్పుడు పొట్టుగా రాలే పలుచని వెండిపొర మాత్రమే.

అంకురచ్ఛదం పెరిగేకొద్దీ దాని కణాల గోడలలో గెలాక్టోమానన్ చేరుతుంది. మానోజ్ అనే చక్కెర అణువులు బీటా-1,4 బంధాలతో పొడవాటి గొలుసుగా కూడి, ఆ గొలుసు పక్కల అక్కడక్కడ గెలాక్టోజ్ అణువులు కొమ్మల్లా అతికి ఉంటే దాన్ని గెలాక్టోమానన్ అంటారు. ఆ కొమ్మలు ఎక్కువగా ఉన్నంతకాలం గొలుసులు ఒకదానికొకటి దగ్గరగా చేరలేవు, మధ్యలో నీరు నిలుస్తుంది, పదార్థం జిగురుగా ఉంటుంది. గోరుచిక్కుడు గింజల నుంచి తీసే గ్వార్ గమ్ ఈ రకానిదే. కొమ్మలు తగ్గినకొద్దీ గొలుసులు పక్కపక్కన బిగిసి, స్ఫటికంలా పేరుకుని, నీటిలో కరగని గట్టి పదార్థంగా మారుతాయి. 2003లో వెలువడిన ఒక పరిశోధన అరబికా గింజలో ఈ మార్పును వారాలవారీగా కొలిచింది. పూత తర్వాత 11వ వారంలో కణగోడల పాలీశాకరైడ్లలో గెలాక్టోమానన్ వాటా పదో వంతు మాత్రమే ఉండగా, అప్పుడు ప్రతి రెండు నుంచి ఏడు మానోజ్ అణువులకు ఒక గెలాక్టోజ్ కొమ్మ ఉంది. 31వ వారానికి ఆ వాటా దాదాపు సగానికి పెరిగింది, కొమ్మలు మాత్రం ఏడు నుంచి నలభై మానోజ్ అణువులకు ఒకటి అనేంత పలుచబడ్డాయి.

ఆ కొమ్మలను తుంచేది ఆల్ఫా గెలాక్టోసిడేజ్ అనే ఎంజైము. అంకురచ్ఛదం గట్టిపడే కాలంలోనే దాని చురుకుదనం పెరుగుతుంది. అంటే ఇక్కడ గట్టిదనం వస్తున్నది దేన్నో అతికించడం వల్ల మాత్రమే కాదు, తుంచివేయడం వల్ల కూడా. తాటికాయ ఉదాహరణతో ఈ సంగతి మనవారికి ఇట్టే పట్టుబడుతుంది: వేసవిలో తినే లేత ముంజ, ముదిరిన తరువాత కత్తికి లొంగని తాటిగింజ రెండూ ఒకే అంకురచ్ఛదం, ముంజలోని ఆ జిగురు కూడా గెలాక్టోమానన్‌దే. పాతర వేసిన తాటిటెంకలో తెల్లగా, తియ్యగా పెరిగే బుర్రగుంజు ఆ గట్టి గింజను లోపలినుంచి కరిగించి తినే అవయవం. కాఫీలో ఆ పనిని బీజదళాలు (పిండంలోని తొలి ఆకులు) చేస్తాయి.

ఒక చిన్న పక్కదారి. పచ్చి కాఫీ గింజల్లోని ఈ ఆల్ఫా గెలాక్టోసిడేజ్‌కు కాఫీతో సంబంధం లేని మరో రంగంలో పేరుంది. బి గ్రూపు ఎర్ర రక్తకణాల మీద కొసన ఉండే గెలాక్టోజ్‌ను తుంచి, వాటిని ఓ గ్రూపు కణాలుగా మార్చడానికి న్యూయార్క్ బ్లడ్ సెంటర్ పరిశోధకులు ఈ ఎంజైమునే వాడి, అలా మార్చిన కణాలు ఇతర గ్రూపులవారి శరీరంలో కూడా మామూలుగానే బతుకుతున్నాయని 1982లో ప్రకటించారు. గింజను గట్టిపరచే ఎంజైము అక్కడ రక్తపు గ్రూపును మార్చింది.

ఇక మొలక సంగతి. గట్టిపరచినదీ మెత్తపరచేదీ ఒకటేనా అంటే, ప్రధానంగా వేరువేరు. మెత్తపరచే ముఖ్యమైన ఎంజైము ఎండో బీటా మాననేజ్. ఇది గొలుసును కొమ్మల దగ్గర కాక నడిమధ్యన నరుకుతుంది. గింజ చెట్టుమీద పెరుగుతున్నప్పుడు దీని జన్యువులు మౌనంగా ఉండి, నీరు తాగి మొలకెత్తే దశలో మాత్రమే పనిచేస్తున్నట్లు గుర్తించారు. నరికిన ముక్కలను విడి మానోజ్‌గా మార్చడానికి బీటా మానోసిడేజ్, మిగిలిన కొద్దిపాటి కొమ్మలను తీయడానికి ఆల్ఫా గెలాక్టోసిడేజ్ దానికి తోడ్పడతాయి. ఆ చివరి ఎంజైము ఒక్కటే రెండు దశల్లోనూ పాత్ర ఉన్నది.

బ్రెజిల్, నెదర్లాండ్స్ పరిశోధకులు రూబీ అనే అరబికా రకం మీద పనిచేసి 2004లో ప్రచురించిన వివరాలను బట్టి, మొలకకు ముందు రెండు పనులు ఏకకాలంలో జరగాలి. నీరు తాగిన పిండం అంకురచ్ఛదం లోపలే కొంత పెరిగి, బయటికి నెట్టే పీడనాన్ని పెంచుకోవాలి. దాని వేరుకొనకు అడ్డుగా ఉన్న అంకురచ్ఛదపు మూత బలహీనపడాలి. ఆ బలహీనపడటం రెండు మెట్లలో జరుగుతుంది. మొదటి మెట్టు కణగోడలోని సెల్యులోజ్‌ను కోసే సెల్యులేజ్ పెరుగుదలతోనూ, రెండవ మెట్టు మాననేజ్ పెరుగుదలతోనూ కలిసి వస్తుంది. మొలకను ఆపే హార్మోను అబ్సిసిక్ ఆమ్లం రెండవ మెట్టును ఆపుతుంది, పిండం పీడనం పెరగకుండా కూడా చేస్తుంది. పైగా నీరు తాగిన తొలి రోజుల్లో పిండం ఈ ఆమ్లాన్ని తాత్కాలికంగా తనలోనే పెంచుకుంటుంది. మీ గింజ మట్టిలో ఏం చేస్తుందన్న ప్రశ్నకు సమాధానం ఇదే: బయటికి కదలిక కనబడకపోయినా, లోపల ఒకపక్క గోడ కోత, మరోపక్క పీడనం పెంపు సాగుతూ ఉంటాయి.

అదే బృందం 2005లో జిబ్బరెల్లిన్ సంగతి తేల్చింది. గింజ తనలో తాను జిబ్బరెల్లిన్ తయారు చేసుకోకపోతే మొలక రాదు. పిండం సాగడానికీ, మూత మెత్తబడటానికీ అది అవసరం. కాని బయటి నుంచి జిబ్బరెల్లిన్ ఇచ్చిన గింజల్లో మొలక ఆగిపోయింది, పిండంలో చచ్చిన కణాలు కనిపించాయి. విశేషమేమిటంటే, పిండం చుట్టూ అంకురచ్ఛదం ఉన్నప్పుడే ఆ కణాలు చచ్చాయి. కాబట్టి విషం జిబ్బరెల్లిన్ కాదని, అంకురచ్ఛదం మెత్తబడే క్రమంలో వెలువడే పదార్థాలేవో పిండాన్ని దెబ్బతీస్తున్నాయని వారు నిర్ధారించారు. అవసరమైన హార్మోనే, అవసరానికి మించి అందితే ప్రాణాంతకమవుతోంది.

బూడిదవిత్తు

బీజదళం గారి వివరణతో నాకు పేచీ లేదు, కాని మడి దగ్గర కూర్చునేవారికి ఉపయోగపడే నాలుగు మాటలు కలపాలనిపించింది. ప్రయోగశాలలో పార్చిమెంటు ఒలిచి, చీకటిలో, 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచితే అరబికా గింజల్లో సగం పది రోజుల ప్రాంతానికే వేరుకొన బయటపెడతాయి. మన్యంలో జనవరి రాత్రులు ఎలా ఉంటాయో మీకు చెప్పనక్కరలేదు. ఎంజైము ఏదైనా చలిలో మందగిస్తుంది. కాబట్టి మీ నెలన్నరలో అధిక భాగం గింజ స్వభావం కాదు, వాతావరణం. మందుకు పెట్టే ఖర్చును మడికి వెచ్చదనం కల్పించడానికి పెడితే ఫలితం కనబడుతుంది: మడిని గాలి ధాటికి అడ్డుగా ఉన్న చోట ఎంచుకోవడం, రాత్రిపూట పైన పాలిథీన్ పట్టా కప్పి ఎండ ఎక్కకముందే తీయడం, పొద్దుటి చల్లటి నీటికి బదులు మధ్యాహ్నం వేళ నీరు చల్లడం వంటివి.

గింజల తయారీలో పాత పద్ధతికి ఇప్పటికీ తిరుగులేదు. బాగా పండిన పండ్లను ఎంపిక చేసిన చెట్ల నుంచి మాత్రమే కోసి, నీటిలో తేలేవాటిని పారవేసి, మిగిలినవాటిని చేత్తో ఒలిచి, జల్లించిన కట్టెబూడిద కలిపి, నీడలో పలుచగా పరచి, రోజుకొకసారి కలియబెడుతూ ఆరబెట్టాలి. మడిలో ఒకటిన్నర నుంచి రెండున్నర సెంటీమీటర్ల ఎడంతో, గింజ చదునైన వైపు కిందికి ఉండేట్టు పెట్టి, పైన మెత్తటి మట్టి, ఆపైన ఐదు సెంటీమీటర్ల మందాన వరిగడ్డి కప్పాలి. గడ్డి తేమను కాపాడటంతో పాటు వెలుతురును కూడా ఆపుతుంది. కాఫీ గింజకు వెలుతురు తగిలితే మొలక వెనకపడుతుంది కనుక ఆ కప్పు ఊరికే వేసేది కాదు. మొలక గింజను తలమీద మోసుకుని నిలబడే టోపీ దశలో పాలిథీన్ సంచుల్లోకి మార్చుకోవచ్చు.

పార్చిమెంటు ఒలిచి వేస్తే మొలక త్వరగా వస్తుందన్నది వాస్తవం, ఎందుకంటే అది పిండానికి అడ్డుగోడ. కాని వేల గింజలను చేత్తో ఒలిచేటప్పుడు పిండం ఉన్న కొనకు గాయం కాకుండా చూడటం కష్టం, గాయమైన గింజను మట్టిలోని బూజు వదలదు. నాలుగు వందల గింజల చిన్న మడికి ఓపిక ఉంటే చేయండి, పెద్ద మడికి నేను సలహా ఇవ్వను.

మీరు అడగకపోయినా ఒక హెచ్చరిక. కాఫీ గింజను వడ్లలా మరుసటి ఏటికి దాచుకోలేము. 1990లో బ్రిటన్‌లోని రెడింగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఎండబెడితే చెడని గింజలకూ ఎండబెడితే చచ్చే గింజలకూ నడుమ మూడవ తరగతి ఒకటి ఉందని ప్రతిపాదించినప్పుడు ముందుపెట్టిన ఉదాహరణ కాఫీయే. ఇది కొంతవరకు ఎండను తట్టుకుంటుంది, కాని ఎండిన గింజను చల్లటి చోట నిల్వ చేస్తే మరింత త్వరగా ప్రాణం పోగొట్టుకుంటుంది. కనుక ఫ్రిజ్‌లో దాచడం వంటివి చేయవద్దు. కోసిన సీజనులోనే, వీలైనంత త్వరగా మడిలో పెట్టండి. రొబస్టా అనే మరో జాతి కాఫీ అయితే ఇంకా తొందరపడాలి. రకాల ఎంపిక గురించి, విత్తన కాఫీ గురించి చింతపల్లి దగ్గర ఆర్.వి. నగర్‌లో ఉన్న కాఫీ బోర్డు ప్రాంతీయ పరిశోధన కేంద్రంలో అడగవచ్చు.

మన్యంనారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మందు ఆలోచన మానుకున్నాము. మా అబ్బాయికి కూడా ఈ సమాధానాలు చదివి వినిపించాను, వాడు ఇప్పుడు అంకురచ్ఛదం నుంచి వెలువడే ఆ పదార్థాలేమిటని నన్ను అడుగుతున్నాడు.

నాకు కొత్తగా మరో సందేహం పుట్టింది. కెఫీన్ కీటకాలకు, ఇతర మొక్కల మొలకలకు హాని చేస్తుందని చదివాను. అరబికా గింజ బరువులో ఒక శాతానికి పైగా కెఫీన్ ఉంటుందంటారు. అంత మోతాదు మధ్యలో కూర్చున్న పిండానికి అది ఎందుకు హాని చేయదు? మొలక ఆలస్యానికి అది కూడా ఒక కారణమా? అలాగే తొట్టిలో మొలక గురించి అడిగిన ప్రశ్న మిగిలే ఉంది.

కడుగుతొట్టి

తొట్టి ప్రశ్నకు నేను సమాధానం ఇస్తాను. కొన్నేళ్లుగా పల్పింగ్, ఆరబెట్టడం, రుచి పరీక్ష పనుల్లో ఉన్నాను. మీకు చెప్పినాయన మాటలో సారం ఉంది, అయితే అందులో రెండు వేరువేరు సంగతులు కలిసిపోయి ఉండవచ్చు.

తొట్టిలో జిగురు విడిపోవడానికి కారణం గింజ లోపలి ఎంజైములు కావు. పార్చిమెంటుకు పైన అంటి ఉన్న పండు జిగురులోని పెక్టిన్‌ను విడగొట్టే పెక్టినేజ్‌లు పండు కణజాలంలో కొన్ని ఉంటాయి, తొట్టిలో పెరిగే ఈస్టులు, బాక్టీరియా మరికొన్ని విడుదల చేస్తాయి. ఇదంతా గింజకు బయట జరిగే వ్యవహారం. దీన్ని మొలకతో కలిపి చెప్పకూడదు.

అయితే గింజ లోపల కూడా అదే సమయంలో కదలిక ఉంటుందన్నది నిజం. జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో డిర్క్ సెల్మార్ బృందం 2000ల మధ్యలో ప్రచురించిన పరిశోధనలు దీన్ని చూపించాయి. పండు గుజ్జు గింజ మొలకను అణచి ఉంచుతుంది; పల్పింగ్‌లో గుజ్జు తొలగగానే ఆ అణచివేత పోతుంది. మొలక మొదలైందో లేదో తెలుసుకోవడానికి వారు ఐసోసిట్రేట్ లయేజ్ అనే ఎంజైమును సూచికగా తీసుకున్నారు. నూనెను చక్కెరగా మార్చుకునే గ్లైఆక్సిలేట్ వలయంలో ఇది కీలకమైనది, మొలకెత్తే గింజల్లోనే బాగా కనిపించేది. కణ విభజనకు ముందు పేరుకునే బీటా ట్యూబులిన్ అనే ప్రోటీన్‌ను మరో సూచికగా చూశారు. కడిగే పద్ధతిలో ఈ కదలిక రెండు రోజుల ప్రాంతంలో గరిష్ఠానికి చేరుతుంది. పండుతో సహా ఎండబెట్టే పద్ధతిలో ఆలస్యంగా, సుమారు వారం తర్వాత కనిపిస్తుంది. తేమ తగ్గేకొద్దీ రెండింటిలోనూ ఆగిపోతుంది. కాబట్టి మీరు తొట్టిలోనుంచి తీసిన గింజలో వేరు కనబడదు, కనబడితే ఆ సరుకు పాడైనట్లే. కాని మొలకకు సంబంధించిన జీవక్రియ మొదలై, ఎండలో నిలిచిపోతుంది.

దీని ఆనవాళ్లు పచ్చి గింజలో మిగిలిపోతాయి. కడిగిన కాఫీ గింజలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ మోతాదు, పండుతో ఎండబెట్టిన దానిలో కన్నా చాలా తక్కువగా ఉంటుంది. ఇంకొకటి, పండుతో మెల్లగా ఎండే గింజ ఎక్కువకాలం బతికి ఉండి నీటి కొరతను అనుభవిస్తుంది; అప్పుడు గ్లుటమేట్ డీకార్బాక్సిలేజ్ అనే ఎంజైము గ్లుటమిక్ ఆమ్లాన్ని గామా అమైనో బ్యుటిరిక్ ఆమ్లంగా మారుస్తుంది. అందుకే పండుతో ఎండబెట్టిన గింజల్లో ఆ ఆమ్లం ఎక్కువగా ఉంటుంది. వేయించేటప్పుడు రంగు, వాసన పుట్టడానికి విడి చక్కెరలు, అమైనో ఆమ్లాలు ముడిసరుకు కనుక, ఈ తేడాలు కప్పు దాకా చేరుతాయనడం అసంబద్ధం కాదు.

నా అభిప్రాయం అడిగితే, రైతు దీన్ని చూసి తొట్టిలో గింజను ఎక్కువసేపు ఉంచాలని అనుకోకూడదు. జిగురు విడిచిన తర్వాత కూడా ఉంచితే లాభం కన్నా పులుపు వాసన, కుళ్లు వాసన వచ్చే ప్రమాదమే పెద్దది. గింజలోని జీవక్రియను కావలసినట్లు మలచుకోవడానికి మీ చేతిలో ఉన్న సాధనం తొట్టి కాదు, ఆరబెట్టే వేగం. పలుచగా పరచి, కలియబెడుతూ, మరీ మండుటెండలో మాడ్చకుండా ఆరబెట్టడమే అది. గింజ నాణ్యతకు సూచికగా పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే మరో ఎంజైము గురించి బ్రెజిల్‌లో చాలా రాశారు. దెబ్బతిన్న గింజల్లో దాని చురుకుదనం తగ్గుతుందన్నది వారి వాదన. గింజ పొరలు చిట్లితే క్లోరోజెనిక్ ఆమ్లాలు దీనికి తగిలి ఆక్సీకరణ చెందుతాయి, ఆ క్రమంలో పుట్టే క్వినోన్లు ఎంజైమునే అణచివేస్తాయి. ఒక్క ఎంజైమును కొలిచి కప్పు రుచిని అంచనా కట్టడం మీద మాత్రం నాకు అంత నమ్మకం లేదు.

బీజదళం

కడుగుతొట్టి గారు చెప్పినదానికి ఒకే ఒక సవరింపు. అక్కడ జరిగేదాన్ని మొలక అనడంకన్నా మొలకకు ముందరి జీవక్రియ అనడం సరైనది, ఎందుకంటే నేను పైన వివరించిన మాననేజ్ కోత ఆ రెండు రోజుల్లో చెప్పుకోదగినంత ముందుకు సాగదు. గింజ గట్టిదనం అలాగే ఉంటుంది, వేయించే యంత్రానికి చేరేది ఆ గట్టి గోడలున్న గింజే.

కెఫీన్ ప్రశ్న చక్కటిది. గింజ పెరిగే కాలంలో జాంథోసిన్ నుంచి మొదలై, మూడు మెట్లలో ఒక్కొక్క మిథైల్ సమూహాన్ని చేర్చే ఎన్-మిథైల్ ట్రాన్స్‌ఫరేజ్ ఎంజైములు థియోబ్రోమిన్ మీదుగా కెఫీన్‌ను తయారు చేస్తాయి. అరబికాలో అది సుమారు 1.2 శాతానికి, రొబస్టాలో దాదాపు రెట్టింపుకు చేరుతుంది. కెఫీన్ కణ విభజనను అడ్డుకుంటుంది, కాఫీ కణాలకు దీనినుంచి ప్రత్యేకమైన మినహాయింపు ఏమీ లేదు. 1983లో ప్రచురితమైన ఒక పరిశోధన ప్రకారం పిండం తప్పించుకునే మార్గం కాలక్రమాన్ని సర్దుకోవడం. మొలక తొలి దశలో పిండం పెరిగేది ప్రధానంగా ఉన్న కణాలు సాగడం వల్లనే, కొత్త కణాలు పుట్టడం వల్ల కాదు. బీజదళాల కింది కాండం సాగి వేరుకొనను కెఫీన్ నిండిన అంకురచ్ఛదం నుంచి దూరంగా నెట్టిన తర్వాత అక్కడ విభజన జోరందుకుంటుంది. అంకురచ్ఛదం కరిగేకొద్దీ అందులోని కెఫీన్ విచ్ఛిన్నం కాకుండా బీజదళాల్లోకి చేరుతుంది, కొంత మట్టిలోకి కూడా పోతుంది. టోపీ దశ నుంచి బీజదళాలు విచ్చుకునే వరకు లేత మొక్కను పురుగు పెద్దగా ముట్టకపోవడానికి అది తోడ్పడుతుందని భావిస్తారు. మొలక ఆలస్యానికి దీని వాటా ఉండవచ్చు, కాని మూతను కోయడానికి పట్టే కాలమూ, చలీ దానికన్నా పెద్ద కారణాలు.

మీ అబ్బాయి అడిగినది అసలైన పరిశోధన ప్రశ్న. ఆ పదార్థాలకు పేరు పెట్టే సాహసం నేను చేయను.

మన్యంనారు

చివరి ప్రశ్న, విసిగించినందుకు మన్నించండి. పక్క ఊరి రైతు ఒకరు పోయిన సీజను చివర తీసిన పార్చిమెంటు విత్తనాన్ని ఇస్తానంటున్నారు. నెలన్నర మడిలో ఉంచి, నీరు పోసి, అప్పుడు మొలవలేదని తెలుసుకోవడంకన్నా, ముందుగానే అందులో ప్రాణం ఉందో లేదో చూసే ఉపాయం ఉందా?

బీజదళం

ఉంది, అది కూడా ఎంజైము మీద ఆధారపడినదే. బతికి ఉన్న కణాల్లో శ్వాసక్రియకు తోడ్పడే డీహైడ్రోజినేజ్ ఎంజైములు పనిచేస్తూ ఉంటాయి. టెట్రాజోలియం క్లోరైడ్ అనే రంగులేని లవణాన్ని నీటిలో కరిగించి కణజాలానికి తగిలిస్తే, ఆ ఎంజైముల చర్యవల్ల అది ఎర్రటి ఫార్మజాన్‌గా మారుతుంది. చచ్చిన కణాలు రంగు పట్టవు. కాఫీ గింజలో అంకురచ్ఛదం మందంగా ఉంటుంది కనుక పార్చిమెంటు ఒలిచి, గింజలను నీటిలో బాగా నానబెట్టి, పిండాలను పదునైన బ్లేడుతో జాగ్రత్తగా బయటికి తీసి, ద్రావణంలో చీకటిలో వెచ్చగా ఉంచాలి. వేరుకొన, బీజదళాలు రెండూ సమంగా ఎరుపెక్కితే ఆ పిండం బతికి ఉన్నట్లు. వేరుకొన తెల్లగా మిగిలితే బీజదళాలు ఎర్రబడినా మొలక రాదని అనుకోవాలి. మరీ ముదురు ఎరుపు పట్టి, కణజాలం మెత్తగా చితికినట్లుంటే అది క్షీణిస్తున్న గింజ. వ్యవసాయ కళాశాలల విత్తన ప్రయోగశాలల్లో ఈ పరీక్ష మామూలుగా చేస్తారు, మీ అబ్బాయి చదివేచోట కూడా చేయించే వీలుండవచ్చు. మొత్తం రాశిలో వేరువేరు చోట్ల నుంచి గింజలు తీసి చూడండి, పైన ఉన్నవి మాత్రమే తీయకండి.

బూడిదవిత్తు

ప్రయోగశాల దొరకకపోతే, కొన్ని గింజల పార్చిమెంటు ఒలిచి, తడి ఇసుకలో పెట్టి, పొయ్యికి దగ్గరగా వెచ్చటి చీకటి మూలన ఉంచండి. మూడు వారాలలోపు సగానికి పైగా ముక్కు పగిలితే ఆ విత్తనం తీసుకోవచ్చు, అయినా మడిలో మామూలుకన్నా ఒత్తుగా పెట్టండి. సగం కూడా పగలకపోతే ఉచితంగా ఇచ్చినా వద్దనండి. సంచి మట్టి, నీడపందిరి, కూలి ఖర్చు విత్తనం ధరకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.